బూరెకు తెల్లని వడ్డాణం: మ్యూనిక్‌లో ఒక క్రాప్ఫెన్ తరగతి గురించి

2026 జనవరి నెలాఖరు శనివారం మధ్యాహ్నం, మ్యూనిక్‌లో మా పేటకు దగ్గర్లోనే జరిగిన ఒక వంట తరగతిలో మూడున్నర గంటలు నిలబడి క్రాప్ఫెన్ చేయడం నేర్చుకుని వచ్చాను. రుసుము 58 యూరోలు, సరుకులన్నీ వారివే, విద్యార్థులం పన్నెండు మందిమి. ఈ ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురు "వెళ్లవచ్చా, డబ్బు దండగా?" అని అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. పక్కన చెప్పే మనిషి ఉన్నప్పుడు ఎవరికైనా బాగానే వస్తాయి కాబట్టి, మా ఇంటి పొయ్యి మీద నాలుగు విడతలు చేసి, పండుగ కూడా గడిచాక ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

క్రాప్ఫెన్ ఎరుగనివారికి ముందుగా ఒక మాట చెప్పాలి. మైదాను ఈస్ట్‌తో పులియబెట్టి, పాలు, వెన్న, గుడ్ల పచ్చసొనలు చేర్చి, ఉండలు చేసి వేయించి, లోపలికి జల్దారు పండ్ల జామ్ ఎక్కించి, పైన పంచదార పొడి చల్లితే అది క్రాప్ఫెన్. నడుమ చిల్లు ఉండదు కనుక అమెరికా డోనట్‌ను మనసులో పెట్టుకోకండి. చూడటానికి మన పూర్ణం బూరెకు అన్నగారిలా ఉంటుంది. బవేరియాలోనూ ఆస్ట్రియాలోనూ దీన్ని క్రాప్ఫెన్ అంటారు, జర్మనీలో చాలాచోట్ల బెర్లీనర్ అంటారు, ఆ బెర్లిన్ నగరంలో మాత్రం ప్ఫాన్‌కూఖెన్ అంటారు, హెస్సెలో క్రెప్పెల్ అంటారు. గోంగూర, పుంటికూర అని మనం వాదించుకున్నట్టే వీళ్లూ ఏటా దీని పేరు మీద వాదించుకుంటారు. లోపలి తీపి కూడా ఊరినిబట్టి మారుతుంది. ఇక్కడ జల్దారు జామ్ వాడితే, ఉత్తరాన ఫ్రాంకోనియాలో అడవి గులాబీ కాయల గుజ్జు వాడతారు, దాన్ని హిఫెన్‌మార్క్ అంటారు.

ఇది బేకరీలలో ఏడాది పొడవునా దొరుకుతుంది కానీ దీనికంటూ ఒక కాలం ఉంది. జనవరి 6 పండుగ దాటిన దగ్గర్నుంచి, మన తెలుగు క్రైస్తవులు భస్మ బుధవారం అని పిలిచే రోజుకు ముందురోజు వరకు ఇక్కడ ఫాషింగ్ అనే విందు వినోదాల పండుగ నడుస్తుంది. బుధవారం నుంచి ఈస్టర్ దాకా నలభై రోజుల ఉపవాస దీక్ష. పూర్వం ఆ రోజుల్లో మాంసంతో పాటు గుడ్లు, వెన్న, కొవ్వు కూడా ముట్టేవారు కాదు కనుక ఇంట్లో ఉన్నవన్నీ ముందే ఖర్చుచేయాలి. అన్నిటినీ ఒకే దెబ్బకు ఖర్చుచేసే వంటకం ఇంతకంటే మరొకటి ఉండదు. ఈసారి భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, మహాశివరాత్రి 15న వచ్చింది. ఆదివారం ఉపవాసం, జాగరణ చేసి, మంగళవారం వీళ్లతో కలిసి ఉపవాసానికి ముందరి విందు తినడం మా ఇంట్లో ఎవరికీ ఇబ్బందిగా తోచలేదు.

ఇక తరగతి సంగతి. నేర్పినావిడ ఒక బేకరీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దావిడ. రాగానే అందరినీ తనను "డూ" అని, అంటే "నువ్వు" అని పిలవమన్నారు. డెబ్బై దగ్గరపడ్డ మనిషిని నువ్వు అనడానికి నాకు నోరు రాక, ఆ మధ్యాహ్నమంతా "ఈ పాలు ఇంకా వెచ్చబెట్టాలా?", "ఇంకొంచెం పిండి చల్లవచ్చా?" అంటూ కర్త లేని వాక్యాలతో నెట్టుకొచ్చాను. ఆవిడ మాటలో తొందర లేదు, ప్రతి పనికీ కారణం చెప్పారు, కొలతలను గ్రాముల్లో చెప్పి వెంటనే చేత్తో చూపించారు. తరగతి మొత్తంలో 58 యూరోలకు నూటికి నూరుపాళ్లు న్యాయం చేసిన అంశం ఏదంటే ఈవిడే.

మొదటి పని డాంప్ఫల్. పిండి నడుమ గుంట చేసి, గోరువెచ్చని పాలలో పచ్చి ఈస్ట్‌ను చిదిపి, చెంచాడు పంచదారతో కలిపి ఆ గుంటలో పోసి, చుట్టూ ఉన్న పిండిని కాస్త లోపలికి లాగి, గుడ్డ కప్పి పదిహేను నిమిషాలు వదిలేయడాన్ని బవేరియా వంటింటి భాషలో అలా అంటారు. పాలు ఎంత వెచ్చగా ఉండాలన్నదానికి ఆవిడ చెప్పిన గుర్తు, చిటికెనవేలు ముంచి చల్లగానూ వేడిగానూ తెలియకుండా ఉండాలని. థర్మామీటర్‌తో చూస్తే 35 డిగ్రీల లోపే ఉంది. వేడి 45 దాటితే ఈస్ట్ నీరసిస్తుంది, అరవైకి చేరేలోపే చస్తుంది. గుడ్డ తీయగానే నురగతో పాటు లేచిన వాసన నాకు చిన్నప్పుడు మా పొలం గట్టు మీద తాటికల్లు ముంత మూత తీసినప్పటి వాసనే. కల్లులో పనిచేసేదీ ఈస్టే కాబట్టి ఆశ్చర్యపడవలసింది లేదు. చక్కెరను తిని ఇటు వాయువును, అటు ఆల్కహాలును విడిచే పని రెండు చోట్లా ఒకటే.

తరువాత పచ్చసొనలు, పంచదార, ఉప్పు, నిమ్మతొక్క తురుము వేసి పిసకడం. వెన్నను మాత్రం మొదట్లో వేయనివ్వలేదు. వెన్న ముందే పడితే పిండి రేణువులకు పూతలా పట్టుకుని, సాగే గుణాన్ని ఇచ్చే గ్లూటెన్‌ను అల్లుకోనివ్వదని, అందుకే పిండి నునుపు తేలాక చిన్న చిన్న ముక్కలుగా వేయాలని చెప్పారు. నేను ఇంట్లో అంతకుముందు రెండు మూడేళ్లుగా అన్నీ ఒకేసారి గిన్నెలో కుమ్మరించి, గట్టి ముద్దలు వేయించి, ఈస్ట్‌ను తిట్టుకున్నదాన్ని. చేత్తో పన్నెండు నిమిషాలు పిసికాక, నిమ్మకాయంత పిండిని రెండు చేతుల వేళ్ల మీద సాగదీసి కిటికీ వెలుతురులో పట్టుకోమన్నారు. పూతరేకు పొరలా చిరగకుండా, వెనక వేళ్ల నీడ కనబడేంత పలచగా సాగితే పిసకడం చాలినట్టు. నాది రెండుసార్లు చిరిగింది, మూడోసారికి నీడ కనబడింది.

ఉండలు చుట్టడం దగ్గర నాకు కాస్త గర్వభంగం జరిగింది. పూర్ణాలు, అరిసెల ఉండలు చుట్టిన చేతులు కదా అని రెండు అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పుతుంటే, ఆవిడ వచ్చి నా చేతిలోని ఉండను తీసుకుని బల్ల మీద పెట్టారు. యాభై గ్రాముల ముద్ద మీద అరచేతిని పంజరంలా బోర్లించి, బల్లకు కాస్త ఒత్తిపెట్టి గిరగిరా తిప్పితే, అడుగు బల్లను పట్టుకుని పైచర్మం బిగుసుకుంటుంది. బల్ల మీద పిండి ఎక్కువ చల్లితే ముద్ద జారిపోయి బిగువు రాదు. పైచర్మం డోలు తోలులా బిగిస్తేనే లోపల పుట్టే వాయువు పక్కలకు జారిపోకుండా పైకి లేస్తుంది. నాలుగో ఉండకు నా చేయి తిరిగింది. ఆరోదానికి ఆవిడ తల ఊపి ముందుకు వెళ్లిపోయారు.

నేను ఈ తరగతికి మళ్లీ డబ్బు కట్టమన్నా కట్టేది తరువాతి అరగంట కోసమే. క్రాప్ఫెన్ బాగా వచ్చిందా లేదా అన్నది ఇక్కడివాళ్లు నోట్లో పెట్టుకోకముందే చెప్పేస్తారు. పైనా కిందా రాగిరంగు, నడుమ చుట్టూ వేలెడు వెడల్పున తెల్లని పట్టీ ఉండాలి. బంగారు బూరెకు వెండి వడ్డాణం పెట్టినట్టు ఉంటుంది. ఆ పట్టీ వేయించే నేర్పువల్ల వస్తుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆవిడ ముందే పదిహేను, ముప్పై, యాభై నిమిషాలు పొంగనిచ్చిన మూడు ఉండలను పక్కపక్కన పెట్టి, మమ్మల్ని చుట్టూ నిలబెట్టి, మూడింటినీ ఒకేసారి నూనెలోకి వదిలారు. పదిహేను నిమిషాలది బరువుగా మునిగి, ఒళ్లంతా ఒకే గోధుమరంగుకు తిరిగి, పక్కన పగిలింది. ముప్పై నిమిషాలదానికి అక్కడక్కడ తెగిన సన్నని గీత వచ్చింది. యాభై నిమిషాలది మాత్రం బెండు ముక్కలా తేలింది. సగం శరీరం నూనెకు పైనే ఉంది కనుక, తిరగేసినప్పుడు కూడా నడుము నూనెను తాకలేదు, పట్టీ దానంతటదే మిగిలింది. కోసి చూపిస్తే మొదటిదాని కడుపులో ఉడకని ఇడ్లీ నడుమలాంటి బంకచార ఉంది. మూడోది దూదిలా ఉంది.

ఎప్పుడు చాలిందో తెలుసుకునే గుర్తు కూడా చేతితోనే నేర్పారు. వేలికొసతో మెల్లగా నొక్కితే గుంట వెంటనే పూడిపోతే ఇంకా సమయం కావాలి, నిదానంగా సగం పూడితే వేయించవచ్చు, గుంట అలాగే ఉండిపోతే మించిపోయింది. చివరి పది నిమిషాలు కప్పిన గుడ్డ తీసేసి పైచర్మాన్ని కాస్త ఆరనివ్వాలి, అప్పుడే చేత్తో ఎత్తినా ఆకారం చెడదు. నూనెలోకి వదిలేటప్పుడు పైభాగం కిందికి పోవాలి. మొదటి వైపు మూత పెట్టి వేయిస్తే, లోపలి ఆవిరికి పైభాగం ఇంకా ఉబ్బుతుంది. తిరగేశాక మూత పెట్టకూడదు. వేడి 165 డిగ్రీల దగ్గర ఉండాలి. గారెలకు మరిగించినట్టు నూనెను మరిగిస్తే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది, ఈ పొరపాటును నేను ఇంట్లో చేసి మరీ నిర్ధారించుకున్నాను. థర్మామీటర్ లేనివారు చెక్కగరిటె కాడను నూనెలో ముంచి, దాని చుట్టూ చిన్న బుడగలు నిలకడగా లేస్తే చాలిందని గ్రహించవచ్చు.

ఇంత చక్కగా సాగినది వేయించే దగ్గర చెడింది, అందులో నేర్పినావిడ తప్పు లేదు, ఏర్పాటుచేసినవారిది తప్పు. పన్నెండు మందికి రెండే రెండు చిన్న కరెంటు వేపుడు పాత్రలు పెట్టారు. ఒక్కొక్కదానిలో మూడు ఉండలు పడతాయి. జంటకు పది చొప్పున అరవై ఉండలు ఉన్నాయి కాబట్టి పది వాయిలు వేయించాలి. ప్రతి వాయికి ఐదు నిమిషాలు, మళ్లీ నూనె వేడెక్కడానికి ఒక నిమిషం, మొత్తం గంట. పిండి మాత్రం మన వరసకోసం ఆగదు కదా! అందరం ఇంచుమించు ఒకే సమయానికి ఉండలు చుట్టినందువల్ల, వరసలో ముందున్నవారివి సరిగ్గా పొంగి నూనెలోకి వెళ్లాయి, చివర ఉన్న మా జంటవి రెట్టింపు సమయం నిలిచిపోయాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. నూనెలో వేయగానే ఉబ్బి, బయటికి తీయగానే ముడతలు పడి చప్పబడ్డాయి, నూనె కూడా పీల్చాయి. జంటలను పది నిమిషాల ఎడంతో మొదలుపెట్టించినా, ఉండలను చల్లని చోట పెట్టించినా ఇది జరిగేది కాదు. ఆ మాట మర్యాదగా అడిగితే, అక్కడ సాయానికున్న అబ్బాయి "రుచి ఒకటే కదా" అన్నాడు. ఒకటి కాదు.

జామ్ ఎక్కించే ఘట్టం సరదాగా గడిచింది. పొడుగాటి ముక్కున్న గొట్టాన్ని నడుమ తెల్లపట్టీ మీద గుచ్చి, సంచిని నొక్కుతూ మెల్లగా వెనక్కు లాగాలి. ఎంత ఎక్కిందో చేతికి తెలిసేదాకా తూకం మీద పెట్టి నొక్కమన్నారు. ఆస్ట్రియాలో ఆహార నియమావళి ప్రకారం పండుగ క్రాప్ఫెన్‌లో నూటికి 15 వంతుల బరువు జల్దారు జామే ఉండాలి, కిలో పిండికి కనీసం ఆరు పచ్చసొనలు పడాలి. మా పిండిలో అరకిలోకు నాలుగు పడ్డాయి కనుక ఆస్ట్రియావాళ్ల ముందు తలదించుకోవలసిన పని లేదు. గొట్టాలు రాకముందు రెండు పలచని బిళ్లల మధ్య జామ్ పెట్టి అంచులు అతికి వేయించేవారట. ఆ పద్ధతి విన్నప్పుడు మాత్రం కజ్జికాయలు చేసిన నాకు ధైర్యం వచ్చింది.

చివర ఇచ్చిన కాగితం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంటికి వెంట వచ్చేది అదే. దాని ప్రకారం అరకిలో మైదాకు 200 మిల్లీలీటర్ల పాలు, 60 గ్రాముల పంచదార, 80 గ్రాముల వెన్న, నాలుగు పచ్చసొనలు, ఒక పూర్తి గుడ్డు, రెండు చెంచాల రమ్, చిటికెడు ఉప్పు, ఒక నిమ్మతొక్క తురుము పడతాయి. మైదా 550 రకం. ఆ అంకె వంద గ్రాముల పిండిని కాల్చితే మిగిలే బూడిద ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది; కేకులకు వాడే 405 రకం కంటే ఇది బలమైనది. ఇంతవరకు పేచీ లేదు. ఈస్ట్ మాత్రం 42 గ్రాముల ఘనం మొత్తం వేయమన్నారు. అదే ఘనం పైకాగితం మీద అరకిలో నుంచి కిలో పిండి వరకు చాలునని రాసి ఉంటుంది. మూడున్నర గంటల్లో తరగతి ముగియాలి కనుక వాళ్లకు వేగం కావాలి, మనకు ఇంట్లో ఆ అవసరం లేదు, కానీ ఆ తేడా కాగితంలో ఒక్క ముక్క రాయలేదు. మొదటి విడత అక్షరాలా పాటించి చేస్తే పిండి గంటలోపే గిన్నె దాటి లేచింది, చల్లారిన క్రాప్ఫెన్‌లో నిమ్మవాసనను ఈస్ట్ వాసన మింగేసింది. రెండో విడత 21 గ్రాములకు తగ్గించి, మొదటి పొంగుకు గంటన్నర, ఉండల పొంగుకు గంట ఇచ్చాను. రంగు, రుచి, మర్నాటి మెత్తదనం, మూడూ మెరుగయ్యాయి.

రమ్ ఎందుకని అడిగితే, ఆల్కహాలు ఆవిరై బయటికి వస్తూ నూనెను లోపలికి రానివ్వదని ఆవిడ చెప్పారు. పిల్లలు తింటారు కదా అని నేను మానేసి చేశాను, నాకు తేడా కనబడలేదు. నూనె పీల్చడం, పీల్చకపోవడం పొంగు మీద, వేడి మీదే ఎక్కువగా ఆధారపడిందని నాలుగు విడతల తరువాత నా అభిప్రాయం.

వేయించడానికి తరగతిలో పొద్దుతిరుగుడు నూనె వాడారు. ఖర్చు చూసుకుంటే అర్థం చేసుకోవచ్చు, కానీ పండుగ తరగతి అని పేరు పెట్టి రుసుము తీసుకున్నప్పుడు ఒక్క వాయి అయినా బుట్టర్‌ష్మాల్ట్స్‌లో వేయించి చూపించవలసింది. పేరు చూసి కొత్త పదార్థమనుకోకండి, అది వెన్న కాచి వడకట్టిన నెయ్యే. మనం అడుగున గోధుమరంగు గోదావరి తేలేదాకా కాస్తాం కనుక మన నేతికి ఘుమఘుమ ఎక్కువ, వీళ్లది కాస్త మౌనంగా ఉంటుంది. మూడో విడత పూర్తిగా నేతిలో వేయించాను. వేడిగా ఉన్నప్పుడు ఆ రుచికి మాటల్లేవు, చల్లారాక మాత్రం నెయ్యి పేరుకుని అంగిలికి పూతలా అంటుకుంది. అందుకే పండుగనాడు సగం నెయ్యి, సగం నూనె కలిపాను. నిలవా ఉంది, రుచీ ఉంది.

పాత్ర విషయంలో కూడా తరగతి కంటే ఇల్లే నయమనిపించింది. కరెంటు పాత్రలో తీగబుట్ట అడ్డుపడి ఉండలను సరిగ్గా తిప్పనివ్వదు. మన మూకుడు తిప్పడానికి అనువుగానే ఉంటుంది కానీ, అడుగు గుండ్రం కనుక ఉండలన్నీ నడుమకు చేరి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, మూత కూడా సరిగ్గా కూర్చోదు. దళసరి అడుగున్న వెడల్పు గిన్నె, దానికి సరిపోయే మూత, తిప్పడానికి రెండు చెక్కపుల్లలు ఉంటే చాలు.

గుడ్డు తిననివారి గురించి తరగతిలో అడిగితే సూటిగా "అప్పుడది క్రాప్ఫెన్ కాదు" అన్నారు. నిజాయితీగల జవాబే కానీ మా స్నేహితురాలి అత్తగారికి పనికిరాని జవాబు. ఆవిడ కోసం మూడో విడతలో కొంత పిండిని గుడ్లు లేకుండా, చిక్కటి పెరుగు, మరికాస్త వెన్న వేసి కలిపాను. వేడిగా తిన్నప్పుడు ఆవిడ రెండు తిన్నారు, ఇంకొకటి మూటకట్టించుకున్నారు. అయితే పసుపురంగు రాదు, వడ్డాణం సన్నగా వస్తుంది, సాయంత్రానికి గట్టిపడుతుంది. గుడ్లు వేసినవి మర్నాడు ఉదయానికి కూడా మెత్తగా ఉన్నాయి.

విజయవాడలో ఉన్న మా చెల్లెలికి ఇదంతా ఫోన్లో చెబితే అక్కడా చేసి చూసింది. పచ్చి ఈస్ట్ బదులు ఏడు గ్రాముల పొడి ఈస్ట్ పొట్లం వేసుకుంటే మన 21 గ్రాములకు సరిపోతుంది. మామూలు మైదాకు పాలు కాస్త తగ్గించవలసి వచ్చింది. అక్కడి వేడికి పిండి నలభై నిమిషాలకే రెట్టింపయిందట. ఎండాకాలంలో చేసేవారు చల్లని పాలతో కలిపి, ఈస్ట్ ఇంకా తగ్గించి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. జల్దారు జామ్ కోసం ఎక్కడికో వెతుక్కుంటూ వెళ్లనవసరం లేదు. హైదరాబాదు పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా చేసే ఎండు ఖుబానీలు అవే పండ్లు. రాత్రి నానబెట్టి, గింజలు తీసి, కొద్దిగా పంచదారతో ఉడికించి, జల్లెడలో రుద్దితే సీసా జామ్ కంటే ముదురు రంగు, పులుపు తగ్గిన రుచి వస్తాయి, కాస్త నిమ్మరసం పిండితే ఆ లోటూ తీరుతుంది.

ఫిబ్రవరి 17, మంగళవారం. పొద్దున్న విక్టువాలియెన్ మార్కెట్‌లో కూరగాయలు, జున్ను అమ్మే ఆడవాళ్లు వేషాలు కట్టి ఆడే నాట్యం చూడటానికి వెళ్లాం; ఏడేళ్లకోసారి వచ్చే పీపాల పనివారి నాట్యం కూడా ఈ ఏడాదే కావడంతో ఊరంతా జనమే. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, పొద్దున్నే కలిపి చల్లని గదిలో పెట్టిపోయిన పిండిని బయటికి తీశాను. ఇరవై ఉండలు, గిన్నెలో నాలుగేసి, ఐదు వాయిలు. తరగతిలో దెబ్బతిన్న పాఠం గుర్తుంచుకుని, ఉండలను నాలుగు పళ్లేల్లో ఎడంగా చుట్టి, వెనకవాటిని కిటికీ పక్కన చల్లగా ఉంచాను. పదిహేడింటికి పట్టీ తెగకుండా వచ్చింది. రెండింటికి ఒక పక్క తెగింది, ఒకటి నా తొందరకు పగిలింది. పందొమ్మిదింట్లో జామ్, ఒకదానిలో ఆవపిండి ముద్ద ఎక్కించాను. అలా ఒకటి కలిపి పెట్టడం ఇక్కడి పాత కొంటెతనం. మా పక్కింటి పెద్దాయన దాన్నే ఎంచుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఆవకాయకు అలవాటుపడ్డ ఇంట్లో ఇంతకంటే ఏం ఆశిస్తామన్నట్టు మా వంక చూశారు.

ఈస్ట్ పిండి అంటే భయపడేవారు, పలుమార్లు చేసి గట్టి ముద్దలు తిన్నవారు ఈ తరగతికి తప్పకుండా వెళ్లవచ్చు. ఆ మూడు ఉండల ప్రదర్శన, అరచేతి కింద ఉండ తిప్పడం పక్కన మనిషి ఉంటేనే అబ్బుతాయి. పిండిపని బాగా వచ్చినవారు ఆ డబ్బుతో మంచి థర్మామీటర్, జామ్ గొట్టం, రెండు డబ్బాల నెయ్యి కొనుక్కోవడం మంచిది. వెళ్లేవారు మాత్రం వేపుడు పాత్ర పక్కనున్న బల్లను పట్టుకోండి, వరసలో ముందుంటారు. ఇంటికి తెచ్చుకునేవి ఐదే కాబట్టి నలుగురికి పంచుతామని ముందే మాట ఇవ్వకండి.

నిర్వాహకులకు ఈస్ట్ కొలత గురించి, వేపుడు పాత్రల గురించి ఒక ఉత్తరం రాశాను. వచ్చే ఏడాది కాగితంలో కొలత సవరిస్తామని వారం తిరగకుండా జవాబు వచ్చింది. రెండో విషయం మీద ఇంకా ఏమీ రాలేదు.